ఇంటి ఆటపెట్టెకు కంప్యూటరు: భాగముల ఎన్నికపై ఒక సమీక్ష

1990ల నాటి తెలుగు పట్టణములలో బస్టాండు చేరువనో, సినిమా హాలు ప్రక్క సందులోనో, వెలుతురు చాలని ఒక చిన్న గదిలో నిలువెత్తు పెట్టెలు నాలుగైదు గోడవారగా నిలిచియుండెడివి. వాని ముందు బడిసంచులు భుజముల నుండి దింపకయే పిల్లలు గుమిగూడి, ఒకడు ఆడుచుండగా పదిమంది చూచుచు, గుప్పిటలోని రూపాయి బిళ్ళ చెమర్చునంత సేపు తమ వంతు కొరకు వేచియుండెడివారు. కాప్‌కామ్ అను జపాను సంస్థ 1993లో వెలువరించిన ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’ అను ఆట పేరు మన పిల్లల నోట నిలువలేదు. అందలి నలుగురు వీరులలో ఒకడైన ముస్తఫా పేరే ఆటకంతటికిని పేరై నిలిచినది.

ఆనాటి బాలురు నేడు నడివయసు చేరిరి. వారిలో కొందరు, హైదరాబాదులోని డాబామీది గదులలోనైనను, ఉద్యోగరీత్యా స్థిరపడిన అమెరికా పట్టణములలోని గ్యారేజీలలోనైనను, ప్లైవుడ్డు కోసి, బటన్లు బిగించి, ఆర్కేడ్ క్యాబినెట్ అని లోకము పిలుచు ఆ పెట్టెను తమ చేతులతో తిరిగి నిర్మించుకొనవలెనని ఉబలాటపడుచున్నారు. ఈ అభిరుచి మన నేలపై పుట్టినది కాదు. అమెరికా, ఐరోపా, జపాను దేశములలో పాతికేండ్లకు పైగా వర్ధిల్లుచు, జాన్ సెయింట్ క్లెయిర్ 2004లో ‘ప్రాజెక్ట్ ఆర్కేడ్’ అను గ్రంథమును ప్రకటించునాటికే ఒక చిన్న విద్యగా కుదురుకొన్నది. ఈ విద్యలో అడుగిడిన ప్రతివాడును మొట్టమొదట అడుగు ప్రశ్న ఒక్కటే: లోపల ఏ కంప్యూటరు పెట్టవలెను? దీనికి లభించు సమాధానములు పరస్పర విరుద్ధములు. వానిని వరుసగా పరిశీలించి, ఏది ఏ మేరకు సత్యమో తూచి, నాకు తోచిన సిద్ధాంతమును నిరూపించుట ఈ వ్యాసోద్దేశము. ఆ సిద్ధాంతమును ముందే చెప్పుట మేలు. కంప్యూటరును గూర్చిన ప్రశ్న మొదట అడుగదగినది కాదు, చివర అడుగదగినది. ఆటను బట్టి తెరయు, తెరను బట్టి గ్రాఫిక్స్ కార్డును, ఆటను బట్టియే చేతి సాధనములును నిర్ణయములైన పిమ్మట ప్రాసెసరు దానంతట అదే తేలును.

పాత పెట్టెలో ఏముండెను

అసలు పెట్టెలో ఈనాటి అర్థమున కంప్యూటరు లేదు. తైతో సంస్థకై తొమోహిరో నిషికాదో రూపొందించిన ‘స్పేస్ ఇన్వేడర్స్’ (1978) నాటి నుండి ఒక్కొక్క ఆటకు ఒక్కొక్క సర్క్యూట్ బోర్డు. ఆ బోర్డుపై ఒకటో రెండో ప్రాసెసర్లు, శబ్దమునకు వేరొక ఏర్పాటు, బొమ్మలకు మరియొకటి, చిప్పులలో శాశ్వతముగా లిఖింపబడిన ప్రోగ్రాము, ఇంతియే దాని సామగ్రి. తోరు ఇవాతాని సృష్టించిన ‘ప్యాక్‌మ్యాన్’ (1980) జెడ్-80 అను ప్రాసెసరుతో 3 మెగాహెర్ట్జ్ వేగమున నడచినది. దాని ప్రోగ్రాము మొత్తము 16 కిలోబైట్లు. ‘స్ట్రీట్ ఫైటర్ 2’ (1991) మోటరోలా 68000 అను ప్రాసెసరుపై 10 మెగాహెర్ట్జ్ వేగమున నడచినది. 1985లో జపాను ఆటయంత్ర నిర్మాతల సంఘము ‘జామా’ అను ప్రమాణమును ఏర్పరచి, బోర్డునకును పెట్టెకును నడుమ 56 కొసలు గల ఒకే విధమైన అతుకును నిర్ణయించుటచే, పెట్టె అట్లే యుండగా బోర్డును మాత్రము మార్చి క్రొత్త ఆటను నిలుపుట పార్లరు యజమానులకు సాధ్యమైనది.

వేగము ఇంత స్వల్పమైనప్పుడు ఈనాటి కంప్యూటరు ఏదైనను చాలునుగదా అను ఊహ సహజము. అది సగమే సత్యము. ఇటలీ దేశీయుడు నికోలా సాల్మోరియా 1997 ఫిబ్రవరి 5న తొలి రూపమును విడుదల చేసిన ‘మేమ్’ అను సాఫ్ట్‌వేరు, పాత బోర్డుపైని ప్రతి చిప్పు ప్రవర్తనను ప్రోగ్రాము రూపమున అనుకరించును. చిప్పు వేసిన ఒక్క అడుగును అనుకరించుటకు ఈనాటి ప్రాసెసరు పెక్కు అడుగులు వేయవలెను. పైగా బోర్డుపైని చిప్పులన్నియు ఒకదానితో నొకటి లయ తప్పక నడువవలెను గనుక, వాని పనిని పలు కోర్లకు పంచి ఇచ్చుట దుష్కరము. గాయకుని ఒక గదిలోను, మృదంగ విద్వాంసుని వేరొక గదిలోను కూర్చుండబెట్టి, నడుమ మనిషిని పరుగెత్తించి కచేరి సాగింపజూచినట్లగును. అందుచేత మేమ్ తన భారమునంతను ముఖ్యముగా ఒకే కోరుపై మోపును. నెమ్మదిగా నడచు ఎనిమిది కోర్ల కంటె చురుకుగా నడచు రెండు కోర్లు దానికి ప్రియతరములు. ఆట బొమ్మలను గీయు పనిని సైతము అది ప్రాసెసరు చేతనే చేయించును గాని గ్రాఫిక్స్ కార్డునకు అప్పగింపదు. కార్డు వంతునకు వచ్చునది సిద్ధమైన బొమ్మను తెరకు తగినట్లు పెంచి చూపుట మాత్రమే.

మేమ్ ఆశయమును గూర్చి ఒక మాట చెప్పవలెను. దాని నిర్మాతలకు ఆట కంటె పాత యంత్రముల జ్ఞానము నశింపకుండుట ముఖ్యము. అందువలన అనుకరణము యథార్థమునకు దగ్గరైన కొలది ప్రోగ్రాము బరువెక్కుచు వచ్చినది. 2003 నాటి రూపము అలవోకగా నడిపిన ఆటకే నేటి రూపము హెచ్చు బలమును కోరవచ్చును. ఏ రూపము వాడుదుమో తేల్చుకొనక ప్రాసెసరును ఎన్నుకొనుట బరువెంతయో తెలియక బండిని మాట్లాడుకొనుట వంటిది.

మూడు పక్షములు

లోపలి యంత్రమును గూర్చి అభిరుచిపరులలో మూడు పక్షములు కలవు. మొదటి పక్షమువారు సంపూర్ణమైన డెస్క్‌టాప్ కంప్యూటరు కావలెనందురు. ప్రాసెసరు ఎంత బలమైనదైన, గ్రాఫిక్స్ కార్డు ఎంత ఖరీదైనదైన అంత మేలని వారి మతము. రెండవ పక్షమువారికి 2012లో ఇంగ్లండున వెలువడిన రాస్ప్‌బెరీ పై వంటి అరచేతి బోర్డు చాలును. మూడవ పక్షమువారు ప్రోగ్రాముతో చేయు అనుకరణమునే అంగీకరింపరు. ఎఫ్‌పీజీఏ అను చిప్పులో పాత బోర్డు తర్కమునే తిరిగి కట్టు ‘మిస్టర్’ అను మార్గమో, అసలు జామా బోర్డులనే సంపాదించుటయో వారికి సమ్మతము.

రెండవ పక్షమున బలము లేకపోలేదు. ఆ చిన్న బోర్డు తినునది స్వల్పమైన విద్యుత్తు. పెట్టెలో ఏ మూలనైనను ఇముడును. రెట్రోపై, లక్కా, బాటోసెరా వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు దానికై సిద్ధముగానున్నవి. 2019లో వచ్చిన నాలుగవ తరము బోర్డుపై ముస్తఫాయును, స్ట్రీట్ ఫైటరును ఎట్టి తొట్రుపాటును లేక నడచును. 2023 నాటి ఐదవ తరము ఇంకను చురుకైనది. కాని ఇచ్చట మేమ్ యొక్క పాత రూపములతో తృప్తిపడవలసి వచ్చుట తరచు. 1990ల ద్వితీయార్ధమున వచ్చిన త్రిపరిమాణ చిత్రముల ఆటలలో పెక్కింటికి బలము చాలదు. అన్నిటికంటె మనకు ముఖ్యమైన లోపము వేరొకటి: సాఫ్ట్‌వేరంతయు ఒక చిన్న మెమరీ కార్డులో నుండుటచే, వ్రాత జరుగుచున్న క్షణమున కరెంటు పోయినచో ఆ కార్డు చెడుటకు అవకాశము కలదు. వేసవి గాలివానకు దీపములు ఆరు ఊళ్ళలో ఇది ఉపేక్షింపదగిన విషయము కాదు.

మూడవ పక్షము సిద్ధాంతరీత్యా అందమైనది. ఎఫ్‌పీజీఏలో చిప్పులన్నియు నిజముగనే ఏకకాలమున పనిచేయును గనుక, పైన చెప్పిన కచేరి చిక్కు అచ్చట లేదు. గాయకుడును మృదంగమును ఒకే వేదికపై నుందురు. బటను నొక్కిన పిమ్మట ఆలస్యము అత్యల్పము. కాని డీఈ10-నానో అను బోర్డును ఆధారముగా గొనిన ఈ మార్గమున, ఎవరైన శ్రమపడి తర్కమును పునర్నిర్మించిన ఆటలే ఆడవచ్చును, ఆలస్యముగా వచ్చిన త్రిపరిమాణ బోర్డులు ఆ చిప్పులో ఇమడవు, ఖర్చును హెచ్చు. ఇక అసలు బోర్డుల మాట. వానిని కొలుచువారి భక్తి గౌరవింపదగినదే. కాని 1993లో కాప్‌కామ్ ప్రవేశపెట్టిన సీపీఎస్-2 బోర్డులలో ఆటను విప్పు తాళపుచెవి వంటి సంఖ్యలు బ్యాటరీ ఆసరాతో నిలిచియుండెను. బ్యాటరీ చచ్చిన నాడు, తిరిగి ప్రాణము పోయు విద్య తెలిసినవారి చేత పడిననే తప్ప, ఆటయు చచ్చును. ఇట్టి వస్తువును పిల్లలాడు ఇంటిలో నిలుపుట కంటె భద్రపరచుట మేలు.

మొదటి పక్షము పొరపాటు దిక్కులో లేదు, పరిమాణములో నున్నది. డెస్క్‌టాప్ కంప్యూటరు సర్వవిధముల అనుకూలమైనదే. కాని బలమెంత యున్న అంత మేలనుట అసత్యము. ఆటకు 60 బొమ్మలు సెకనుకు కావలసియుండగా, 600 బొమ్మలు గీయగల ప్రాసెసరు మిగిలిన కాలమంతయు ఊరక కూర్చుండును. ఆ సోమరితనమునకు మనము ధనము చెల్లించినవారమగుదుము.

ప్రాసెసరు, ర్యామ్, నిల్వ

ఆటలను బలమును బట్టి మూడు శ్రేణులుగా విభజించుట ఉచితము. స్పేస్ ఇన్వేడర్స్, ప్యాక్‌మ్యాన్, గాలగా, డాంకీ కాంగ్ మొదలు 1980ల చివరి వరకు వచ్చిన ద్విపరిమాణ ఆటలలో అధికాంశము మొదటి శ్రేణి; వీనికి ఆఫీసు గది మూలన పడియున్న పదేండ్ల నాటి కంప్యూటరే అధికము. స్ట్రీట్ ఫైటర్ 2, ముస్తఫా, మోర్టల్ కాంబాట్, మెటల్ స్లగ్ వంటివి రెండవ శ్రేణి. 2023లో ఇంటెల్ వెలువరించిన ఎన్100 వంటి 6 వాట్ల ప్రాసెసరు గల చిన్నపెట్టె వీనిని అవలీలగా మోయును. ‘శాన్ ఫ్రాన్సిస్కో రష్’, ‘గాంట్‌లెట్ లెజెండ్స్’ వంటి త్రిపరిమాణ ఆటలు మూడవ శ్రేణి. వీని కొరకే ఒక్క కోరు వేగము హెచ్చుగానున్న ప్రాసెసరు, 2022 నాటి కోర్ ఐ3-12100 వంటిదో అంతకు మించినదో, కావలసియుండును. మూడవ శ్రేణి ఆటలను ఏటికొకసారియైన ఆడనివాడు వాని కొరకు వెచ్చించుట వ్యర్థము. వేలకొలది ఆటలను పెట్టెలో నింపుకొనవలెనను కోరిక తొలినాళ్ళలో అందరికిని కలుగును. ఏడాది తిరుగునప్పటికి ఆడునవి ఇరువదికి మించవు. ఆ ఇరువదింటి పేర్లను ముందే కాగితముపై వ్రాసికొనినచో సగము ఎన్నిక ముగిసినట్లే.

మన ప్రాంతమున మితవ్యయము కోరువారికి మంచి మార్గము, సికిందరాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి కంప్యూటరు బజారులలో ఆఫీసులు వదలిన డెస్క్‌టాపులను వెదకుట. ఐ5 నాలుగవ తరము గాని, అటుపిమ్మటిది గాని మొదటి రెండు శ్రేణులకు సరిపోవును. కాని కొనునప్పుడు రెండు విషయములు చూడవలెను. సన్నని పెట్టెలలో గ్రాఫిక్స్ కార్డు పెట్టుటకు పొట్టి కార్డులే పట్టును. వాని ఎస్‌ఎంపీఎస్, అనగా విద్యుత్తునందించు భాగము, తయారీ సంస్థ తన యంత్రమునకే ప్రత్యేకముగా చేసినదగుటచే, చెడినచో సామాన్యమైనది దానికి బదులు కాజాలదు. పాత ప్రాసెసర్లపై విండోస్ 11 అధికారికముగా నిలువదు, విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. ఐనను ఇంటర్నెట్టుతో పొత్తులేక లినక్సుపై నడచు ఆటపెట్టెకు ఈ చింత అంటదు.

ర్యామ్ విషయమున చర్చ అనవసరము. 4 గిగాబైట్లు చాలును, 8 సుఖము. నిల్వకు ఎస్‌ఎస్‌డీయే కావలెను, దాని వేగము కొరకు మాత్రమే కాదు, కదలు చక్రములు లేనిదగుటచే పెట్టెను జరిపినను, పిల్లలు ఆవేశమున గుద్దినను చలింపదను కారణమున. పాత ఆటల ప్రోగ్రాములు అత్యల్ప స్థలమును ఆక్రమించును; ‘కిల్లర్ ఇన్‌స్టింక్ట్’ (1994) వలె అసలు యంత్రములోనే హార్డ్ డిస్కు గల ఆటలును, సీడీలపై వచ్చిన ఆటలును చేరిననే స్థలము విస్తరించును. అన్నిటిని కోరినచో వందల గిగాబైట్లు. ఇరువది ఆటలు కోరినచో 120 గిగాబైట్లు కూడ మిగులును.

తెర

ఇప్పుడు సమస్య గర్భమునకు వచ్చితిమి. పాత ఆటల బొమ్మలు గాజుగొట్టపు తెరల కొరకు గీయబడినవి. ఆ తెరలలో ఎలక్ట్రాను కిరణము సెకనుకు సుమారు 15,700 గీతలు గీయుచు పోవును; దీనినే 15 కిలోహెర్ట్జ్ తెర యందురు. కంప్యూటరుతో వచ్చిన పాత గాజు మానిటర్లు 31 కిలోహెర్ట్జ్ మొదలుకొని పైకి నడచునవి. బయటికి ఒకే రీతిగా కనిపించినను ఈ రెండును వేర్వేరు జాతులు. గీతకును గీతకును నడుమ మిగులు సన్నని చీకటియు, రంగుల అంచులు మెత్తబడుటయు చిత్రకారులు ఎరిగి వాడుకొన్నవి. అందుచేతనే ఆ బొమ్మ స్ఫుటమైన ఈనాటి తెరపై ఇటుకలు పేర్చినట్లు కనిపించి మనసును నొప్పించును.

గాజు తెరనే కోరువారికి గ్రాఫిక్స్ కార్డు ఎన్నిక ఆ క్షణముననే నిర్ణీతమగును: అనలాగ్ సంకేతమును వెలువరించు పాత ఏఎండీ రేడియన్ కార్డు, హెచ్‌డీ 5450 వంటిది, ‘సీఆర్‌టీ ఎముడ్రైవర్’ అను డ్రైవరుతోను, ‘గ్రూవీమేమ్’ అను మేమ్ శాఖతోను కలిపి వాడవలెను, అప్పుడు ప్రతి ఆటకును దాని స్వంత కొలతయు, స్వంత వేగమును తెరకు చేరును. క్రొత్త కార్డులు అనలాగును పూర్తిగా విడిచినవి గనుక, ఇచ్చట ధనము పెంచిన కొలది ప్రయోజనము తగ్గుట చూడుడు. వేల రూపాయల నూతన కార్డు చేయలేని పనిని పాత సామానులోని చిన్న కార్డు చేయును. ఇంకొక సూక్ష్మము: కంప్యూటరు వెలువరించు రంగు సంకేతము 0.7 వోల్టులు, ఆర్కేడు మానిటర్లు అంతకు హెచ్చు కోరును గనుక, నడుమ దానిని పెంచు బోర్డు ఒకటి ఉండవలెను. పాత ఆర్కేడు మానిటర్లలో పెక్కింటికి విద్యుత్తును వేరుపరచు ట్రాన్స్‌ఫార్మరు కూడ అవసరము. గాజుగొట్టమున ఇరువది వేల వోల్టులకు మించిన ఒత్తిడి యుండును, అది ప్లగ్గు పీకిన పిమ్మటను కొంతకాలము నిలిచియుండును. ఆ విద్య నేర్చినవాడు ప్రక్కన లేక ఆ వెనుక మూతను తీయరాదు. ఇది భయపెట్టుటకు కాదు, బ్రతికించుటకు చెప్పుమాట.

చదునైన ఎల్‌సీడీ తెరను ఎన్నుకొనువారు అధికసంఖ్యాకులు. వారికి మొదటి ప్రశ్న ఆకారము. పాత ఆటలు నాలుగింటికి మూడు నిష్పత్తిలో నున్నవి. అందును ప్యాక్‌మ్యాన్, గాలగా, డాంకీ కాంగ్ నిలువుగాను, ముస్తఫా, స్ట్రీట్ ఫైటర్ అడ్డముగాను గీయబడినవి. బజారులో నేడు దొరకు 24 అంగుళముల వెడల్పు తెరను, ఆఫీసులు పారవేసిన 19 అంగుళముల చదరపు తెరను ప్రక్కప్రక్కన నిలిపి కొలిచినచో, రెంటి ఎత్తును సుమారు 30 సెంటీమీటర్లే. అనగా పాత ఆటలకు రెండును సమానములే. పెద్ద తెర యొక్క హెచ్చు వెడల్పు ఇరుప్రక్కల నల్లని పట్టీలకు మాత్రమే ఉపయోగపడును. రెండవ ప్రశ్న గుణకము. చిత్రము 320 అడ్డము, 240 నిలువు చుక్కలు కలదైనచో, 1600 x 1200 చుక్కల తెరపై అది సరిగా ఐదు రెట్లుగా కూర్చుండును. ప్రతి చుక్కయు సమానమగును. ప్యాక్‌మ్యాను యొక్క 288 గీతలు 1080 గీతల తెరపై మూడు ముప్పాతిక రెట్లగుటచే, కొన్ని గీతలు లావై, కొన్ని సన్ననై, బొమ్మ కదలునప్పుడు అలలు తేలినట్లుండును. గాజు తెర స్వభావమును అనుకరించు షేడర్లను పెట్టి దీనిని చాలవరకు కప్పవచ్చును; గ్రాఫిక్స్ బలమునకు ఈ పెట్టెలో గల నిజమైన ఉపయోగము ఇదియే, దీనికిని ఈనాటి ప్రాసెసర్లలో ఇమిడియున్న గ్రాఫిక్స్ సామాన్యముగా చాలును.

మూడవ ప్రశ్న లయ. ప్యాక్‌మ్యాన్ సెకనుకు 60.6 బొమ్మలు, ముస్తఫా సుమారు 59.6, మోర్టల్ కాంబాట్ 54.7 చూపును. 60కి మాత్రమే కట్టుబడిన తెరపై 54.7 వేగముగల ఆటను నడిపినచో, కొన్ని బొమ్మలు రెండేసి మారులు కనిపించి కదలిక కుంటును. ఆటను 60కి పరుగెత్తించినచో అసలు వేగమును మించి, శత్రువు మన అలవాటునకు ముందే మీదపడును. ఆటను బట్టి తన వేగమును మార్చుకొను తెరలు, ఫ్రీసింక్, జీసింక్ అను పేర్లతో 2013 తరువాత వచ్చినవి, ఈ చిక్కును మూలమున తీర్చినవి. 48 నుండి 75 వరకు మారగల తెరకు ఈ మూడు ఆటలును లొంగును. కావున తెరకై వెచ్చింపగల ధనమున మొదటి భాగము ఈ గుణమునకే చెందవలెను. నాలుగవది చూపుకోణము: చవకైన టీఎన్ తెరను నిలువుగా త్రిప్పినచో ప్రక్కన నిలిచినవానికి రంగులు మాసిపోవును, ఐపీఎస్ తెర ఈ దోషము లేనిది. టెలివిజనును పెట్టువారు దాని గేమ్ మోడు అమరికను పెట్టక మానరాదు. బొమ్మకు మెరుగుదిద్దు నెపమున అది చేయు ఆలస్యము ఆటను చంపును.

చేయి

ఆట ప్రాణము కంటిలో ఎంత కలదో చేతిలోను అంత కలదు. చేయి కదలుటకును బొమ్మ కదలుటకును నడుమ గడచు కాలమే ఆటపెట్టె గుణమునకు నిజమైన కొలబద్ద. 60 బొమ్మల వేగమున ఒక్కొక్క బొమ్మకు 16.7 మిల్లీసెకన్లు. బటను, దానిని కంప్యూటరునకు తెలుపు ఎన్‌కోడరు, ఆపరేటింగ్ సిస్టము, అనుకరణము, తెర, వీనిలో ఒక్కొక్కటి ఒక్కొక్క బొమ్మను దొంగిలించినచో, దూకవలసిన క్షణము దాటిన పిమ్మట వీరుడు దూకును; ఆడువాడు కారణమెరుగక, తన చేయి ముసలిదైనదని తలపోయును.

నేను కట్టిన మొదటి పెట్టెలో పాత కీబోర్డు లోపలి బోర్డును వెలికితీసి, దానికే బటన్ల తీగలు అతికితిని. ఒంటరిగా ఆడినప్పుడు దోషము కానరాలేదు. తమ్ముడు ప్రక్కన నిలిచి ఇద్దరము ఒక్కమారుగా దూకి కొట్టినప్పుడు, ఒకని దెబ్బ తెరకు చేరలేదు. కీబోర్డులో మీటలు అడ్డు, నిలువు తీగల వలలో అల్లబడియుండుటచే, కొన్ని మీటలు కలిపి నొక్కినప్పుడు ఏది నొక్కితిమో అది పోల్చుకొనజాలదు. మంచి ప్రాసెసరునకై వెచ్చించిన ధనములో పదవ వంతు ఒక మంచి ఎన్‌కోడరునకు వెచ్చించియుండినచో, ఆ సాయంకాలము చెడకుండెడిది.

కనుక ఎన్‌కోడరు ప్రతి బటనుకును వేరు దారి కలదై యుండవలెను. సామాన్యమైన యూఎస్‌బీ సాధనమును కంప్యూటరు సెకనుకు 125 మారులు, అనగా 8 మిల్లీసెకన్లకు ఒకమారు పలుకరించును. మేలైన ఎన్‌కోడర్లు 1000 మారులు పలుకరింపబడుటచే ఆ ఆలస్యము ఒక మిల్లీసెకనునకు దిగును. జాయ్‌స్టిక్కులుగా కనిపించు ఎన్‌కోడర్లు రెండు పెట్టినప్పుడు, ఏది మొదటి ఆటగానిదో కంప్యూటరు తిరిగి తెరచినప్పుడు తారుమారగుట కలదు. కీబోర్డుగా కనిపించు ఎన్‌కోడరునకు ఈ బాధ లేదు. లెక్కయు ముందే వేసికొనవలెను: స్ట్రీట్ ఫైటరునకు ఒక్కొక్కనికి నాలుగు దిక్కులు, ఆరు బటన్లు, స్టార్టు, కాసు కలిపి పండ్రెండు, ఇద్దరికి 24, ముస్తఫాకు నాలుగు దిక్కులు, రెండు బటన్లు, స్టార్టు, కాసు కలిపి ఎనిమిది, ముగ్గురికి మరల 24.

చెక్కలో రంధ్రము వేయకముందే బటను జాతి తేలవలెను: సన్వా వంటి జపాను బటన్లకు 30 మిల్లీమీటర్లు, అమెరికా తరహా బటన్లకు 28. ప్యాక్‌మ్యానునకు నాలుగు దిక్కుల జాయ్‌స్టిక్కే సరియైనది. ఎనిమిది దిక్కులది మూలల వద్ద తడబడజేయును. స్ట్రీట్ ఫైటరునకు ఎనిమిది దిక్కులు లేనిదే గడవదు. లోపలి గేటు పలకను మార్చి రెంటికిని వాడదగిన జాయ్‌స్టిక్కులు కలవు. ‘మిస్సైల్ కమాండ్’ (1980) బంతిని దొర్లించియు, ‘టెంపెస్ట్’ (1981) చక్రమును త్రిప్పియు ఆడవలసినవి. జాయ్‌స్టిక్కుతో వానిని ఆడుట వీణను కర్రతో వాయించుట.

విద్యుత్తు, వేడి, ధ్వని

ఈ విషయములను సంక్షేపముగా చెప్పవచ్చును. ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటరు ఆడునప్పుడు వంద వాట్లకు లోబడియే యుండును గనుక, నమ్మకమైన 300 లేక 400 వాట్ల ఎస్‌ఎంపీఎస్ చాలును. వాట్ల సంఖ్య కంటె దాని నాణ్యము ముఖ్యము. మదర్‌బోర్డు అమరికలలో, కరెంటు రాగానే తానే మేల్కొనునట్టిది ఒకటి యుండును; దానిని ఎన్నుకొనినచో పెట్టెకు ఒక్క మీట చాలును. చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుట ఎస్‌ఎస్‌డీకి రక్ష. ఇనుప కంట్రోల్ ప్యానెలునకు ఎర్తు తీగ కలుపుట మరువరాదు.

మూసిన పెట్టెలో వేడి పైకెక్కును. రామగుండములోను, రెంటచింతలలోను వేసవిలో బయటి గాలియే 45 డిగ్రీలు తాకునప్పుడు లోపలి స్థితి ఊహింపవచ్చును. అడుగున దుమ్ము వడకట్టు జాలీతో గాలి చొరబడు దారియు, వీపున పైభాగమున 120 మిల్లీమీటర్ల ఫ్యానుతో గాలి వెడలు దారియు నుండవలెను. 6 వాట్ల ప్రాసెసరు విలువ ఇచ్చట రెండవమారు బోధపడును. సముద్రతీరపు ఊళ్ళలో ఎండీఎఫ్ పలకలు తేమకు ఉబ్బును. నీటికి తాళు ప్లైవుడ్డే వాడవలెను. ధ్వనికి మదర్‌బోర్డులోని ఏర్పాటే చాలును. నాలుగంగుళముల స్పీకర్లు రెండు, చిన్న యాంప్లిఫయరు ఒకటి. యాంప్లిఫయరునకు కంప్యూటరు ఎస్‌ఎంపీఎస్ నుండియే విద్యుత్తు ఇచ్చినచో ఎడతెగని ఝంకారము వినిపించుట కలదు. వేరు అడాప్టరు దానికి మందు.

హక్కుల మాట

మేమ్ అను సాఫ్ట్‌వేరు 2016 నుండి స్వేచ్ఛా లైసెన్సు క్రింద నున్నది. కాని ఆటల ప్రోగ్రాములు వాని యజమానులవి. అనుమతి లేని వందల ఆటలను నింపి అమ్ము చవక బోర్డులు బజారున విరివిగా దొరకును. వానిని నేను సిఫారసు చేయను. బాల్యమున మనకు ఇంత ఆనందమిచ్చినవారి శ్రమను దొంగసరకుగా కొనుట కృతజ్ఞతకు తగదు. ‘రాబీ రోటో’, ‘గ్రిడ్లీ’ వంటి కొన్ని ఆటలను యజమానులే వ్యాపారేతర వినియోగమునకు ఉచితముగా అనుమతించిరి. కాప్‌కామ్ వంటి సంస్థలు పాత ఆటలను సంపుటములుగా నేటి కంప్యూటర్లకు అమ్ముచున్నవి. అట్టి సంపుటములను ఆడుటకు నిశ్చయించినచో, ప్రాసెసరు, గ్రాఫిక్స్ ఎన్నికయు ఆ సంపుటము కోరు కొలతను బట్టి మారును. కనుక ఇదియు ముందే తేలవలసిన ప్రశ్న.

ఎన్నిక క్రమము

పై చర్చ యొక్క సారము ఇది. మొదట ఆటల పట్టిక. పిమ్మట ఆ ఆటల ఆకారమును, వేగమును బట్టి తెర. తెర గాజుదైన పాత రేడియన్, చదునైనదైన ప్రాసెసరులో ఇమిడిన గ్రాఫిక్స్. ఆటల దిక్కులను, బటన్లను లెక్కించి జాయ్‌స్టిక్కులు, ఎన్‌కోడరు. పట్టికలోని అతి బరువైన ఆటను మోయగల ప్రాసెసరు, అంతకు ఒక్క మెట్టు పైది, రెండు మెట్లు పైది కాదు. తుదకు విద్యుత్తు, గాలి, ధ్వని. ధనము చాలనప్పుడు తగ్గింపవలసినది ప్రాసెసరు నుండి గాని తెర నుండి కాదు, ఎన్‌కోడరు నుండి అసలే కాదు. ఏలయన, ప్రాసెసరును ఎప్పుడైనను మార్చవచ్చును; తెర కొలతకు కోసిన చెక్కను, బటను కొలతకు తొలిచిన రంధ్రమును మార్చుట మరల పెట్టెను కట్టుటయే.

ఐనను ఆటల పట్టికకు ముందు ఇంకొక ప్రశ్న కలదని ఇంతకాలమునకు నాకు బోధపడినది. ఇద్దరి పెట్టెకును ముగ్గురి పెట్టెకును ఎన్‌కోడరు లెక్క ఒక్కటే యని పైన చూచితిమి. చెక్క వెడల్పు మాత్రము ఒక్కటి కాదు. ముస్తఫా ముగ్గురు కలిసి ఆడదగిన ఆట. ముగ్గురు భుజములు రాచుకొని నిలుచుటకు ఎంత చోటు కావలెనో ఏ కంప్యూటరు శాస్త్రమును చెప్పదు. నా రెండవ పెట్టెకు చెక్క కోయించుటకు ముందు, తమ్ముని, మేనల్లుని గోడవారగా ప్రక్కప్రక్కన నిలువబెట్టి, నేనును వారి చెంత నిలిచి, వడ్రంగి చేత టేపు పట్టించితిని. ఆ కొలత కాగితముపై పడిన పిమ్మటనే తక్కిన భాగముల పేర్లు ఒక్కొక్కటిగా దాని క్రింద వ్రాసితిని. కంప్యూటరు పేరు ఆ పట్టికలో చిట్టచివరిది.